ఇంతి రైమి: కుస్కో కొండ మీద ఒక మధ్యాహ్నం

ఇంతి అంటే మన తెలుగు ఇంతి కాదు, ఒకప్పుడు పెరూని ఏలిన ఇంకాల భాష కెచువాలో సూర్యుడు. ఇంతి రైమి అంటే సూర్యుడి పండుగ. ఏటా జూన్ 24న పెరూలోని కుస్కోలో చేస్తారు. మనకి తొలకరి రోజులు గానీ అక్కడ అది నడి చలికాలం, పైగా ఊరు 3,400 మీటర్ల ఎత్తులో ఉంది, పొద్దున్నే బయటికొచ్చేసరికి నా వేళ్లు కొంకర్లు పోయాయి. దూరం జరిగిన సూర్యుణ్ణి ఇంకాలు తండ్రీ వెనక్కి రా అని ఎందుకు వేడుకున్నారో ఆ చలిలో తెలుస్తుంది.

ఇదంతా టూరిస్టుల కోసం వేసే నాటకం అంటుంటారు. నాటకమే, కాదనను. అసలు పండుగను 1572లో స్పానిష్ వైస్రాయ్ తొలేదో నిషేధించాడు. ఇంకా జాతి తల్లికీ స్పానిష్ తండ్రికీ పుట్టిన గార్సిలాసో 1609లో అచ్చువేసిన పుస్తకంలో దీని గురించి రాసిపెట్టాడు కాబట్టి, దాన్ని పట్టుకుని 1944లో ఉంబెర్తో విదాల్ ఉందా, ఇంకొందరు కుస్కో వాళ్లు మళ్లీ నిలబెట్టారు. ఫౌస్తీనో ఎస్పినోసా నవార్రో మాటలన్నీ కెచువాలో రాసి, చక్రవర్తి వేషం కూడా తనే కట్టాడు. పెరూ ప్రభుత్వం కెచువాని అధికార భాష చేసింది 1975లో. అంటే అంతకు 31 ఏళ్ల ముందే ఒక రాజు జనం మధ్య నిలబడి ఆ భాషలో మాట్లాడాడు! నాకు ఈ పండుగలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

పండుగ పొద్దున కొరికాంచా అనే పాత సూర్యుడి గుడి దగ్గర మొదలై, ఊరి నడిబొడ్డున చౌకు మీదుగా, మధ్యాహ్నానికి సక్సయ్‌వామన్ కోటకి చేరుతుంది. లామా అనే ఒంటెజాతి జంతువుని బలివ్వడం ఇప్పుడు ఉత్త అభినయమే. నేను టికెట్ సీట్లకి పోకుండా ఎదురు కొండ మీద స్థానికుల మధ్య కూర్చున్నాను. నా పక్కన ఒక బామ్మ, మనవరాలు. మైకులో రాజు గొంతు వినబడినప్పుడల్లా పిల్ల బామ్మ శాలువా లాగి స్పానిష్‌లో ఏమన్నాడు, ఏమన్నాడు అని అడగడం, బామ్మ ఓపిగ్గా చెప్పడం. నేను కోట వైపు చూడటం మానేసి వాళ్లనే చూస్తూ ఉండిపోయాను.

సాయంత్రం కొండంతా పొగ. మట్టిపెళ్లలు గోపురంలా పేర్చి లోపల మంట పెడతారు, పెళ్లలు బాగా కాలాక బంగాళాదుంపలు వేసి ఆ మట్టినంతా వాటి మీదే కూల్చేస్తారు. బామ్మ ఒకటి తవ్వి తీసి, దులిపి, నా చేతిలో పెట్టి "పాపా" అంది. బంగాళాదుంపకి స్పానిష్ మాట అనుకున్నాను. కాదు, కెచువా మాటే, స్పానిష్ వాళ్లే ఇక్కడినుంచి పట్టుకెళ్లారు. రాతి మీద నూరిన మిరపకాయ పచ్చడితో తిన్నాం, తొక్క మీద మట్టి ఇంకా వేడిగానే ఉంది.