మొక్కు తీర్చుకోవడానికి తిరువయ్యారు వెళ్ళాం

త్యాగయ్యగారి సమాధి ఉన్న తిరువయ్యారులో ఏటా ఆయన ఆరాధన జరిగే పుష్య బహుళ పంచమి దాటి ఇంకా పక్షం తిరగలేదు. చెవుల్లో గోష్ఠి గానం మోగుతూనే ఉంది. అది తగ్గకముందే రాసేయాలనిపించింది.

గొంతులో గడ్డ తీయించుకోవలసి వచ్చినప్పుడు, మాటకు ఢోకా లేదు గానీ పాట సంగతి చెప్పలేమన్నారు డాక్టరుగారు. పిల్లలకు సంగీతం చెప్పుకుంటూ బతికేదాన్ని, పాట పోతే నాకు మిగిలేదేముంది? ఆపరేషన్‌కు ముందు రాత్రి త్యాగయ్యగారికి మొక్కుకున్నాను. గొంతు తిరిగి వస్తే ఆరాధన నాడు మీ సమాధి ఎదుట కూర్చుని మీ పంచరత్న కృతులు అయిదూ పాడుకుంటాను స్వామీ అని. చాలాకాలం గాలి తప్ప స్వరం పలకలేదు. మెల్లగా మంద్రం వచ్చింది, మధ్యస్థాయి కుదిరింది. తారస్థాయిలో జీర ఇప్పటికీ పోలేదు. అయినా ఆయన ఇచ్చినంత చాలు. నేనూ మావారూ బయలుదేరాం.

ముందుగా తంజావూరులో దిగి, పెద్దగుడి దర్శనం చేసుకుని కోటలోకి వెళ్ళాం. తెలుగువాళ్ళు ఆ కోటలో తొందరపడి నడవకూడదు. 1532 ప్రాంతంలో సేవప్ప నాయకుడితో మొదలైన రాజ్యం 1673లో విజయరాఘవ నాయకుడితో పోయింది. ఆ రెంటి నడుమ కావేరి ఒడ్డున తెలుగు ఎంత వెలిగిందో! రఘునాథ నాయకుడు స్వయంగా కవి, సంగీతం ఎరిగినవాడు. ఆయన మంత్రి గోవింద దీక్షితులు. 72 మేళకర్తల, అంటే మూల రాగాల, లెక్క కట్టిన వేంకటమఖి ఆ దీక్షితులవారి కొడుకే. క్షేత్రయ్య పదాలు పాడిందీ, రంగాజమ్మ యక్షగానం రాసిందీ విజయరాఘవుడి కొలువులోనే. తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగును విడిచిపెట్టలేదు. షాహాజీ మహారాజు తానే తెలుగులో యక్షగానాలు రాశాడు. తమిళదేశంలో పుట్టి త్యాగయ్యగారు తెలుగులో ఎందుకు పాడారని మా పిల్లలు అడుగుతుంటారు. ఆయన ఇంట్లో మాట తెలుగు. చుట్టూ కచేరీల్లో, ఆటల్లో, కొలువుల్లో పాట తెలుగు. ఈసారి అడిగితే ఈ కోట కథే చెబుతాను.

వీణలు చేసేచోటికి కూడా వెళ్ళాం. పనస మొద్దును తొలిచి, అతుకు లేకుండా ఏకాండ వీణ చేస్తున్నారు. వీణకు 24 మెట్లు స్థిరపడింది రఘునాథుడి కాలంలోనే అంటారు. ఒక పెద్దాయన మైనం మీద ఆ మెట్లు అమరుస్తున్నాడు. తీగ మీటడం, తల వంచి వినడం, బొటనవేలితో మెట్టును వెంట్రుకవాసి జరపడం, మళ్ళీ మీటడం. మేము వచ్చినట్టు కూడా ఆయన గమనించలేదు. నేను కదలకపోతే మావారే బస్సు వేళయిందని తీసుకొచ్చారు.

పంచమి నాడు పొద్దున్నే తిరుమంజన వీధిలో త్యాగయ్యగారి ఇంటి దగ్గర ఉంఛవృత్తి భజన మొదలైంది. ఆయన బియ్యం అడుగుతూ తిరిగిన వీధుల్లో, ఆ భజన వెనుకే నడిచి కావేరి గట్టుకు చేరాం. అక్కడివరకూ అంతా హాయిగా సాగింది.

పందిట్లో మాత్రం కాలు పెట్టే సందు లేదు. పాడేవారి కోసం విడిచిన చోట సగం మంది ఫోన్లు పైకెత్తి నిలబడి ఉన్నారు. పాడేవారికి ఆ కాస్త చోటూ దక్కకపోతే ఎలా? ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని మమ్మల్ని లేపి వెనక్కి నెట్టారు. సంచి పట్టీ తెగింది. పుస్తకం ఎవరి కాళ్ళ కింద పడిందో కూడా తెలియలేదు. రాజు పిలిచినా నిధి వద్దని ఇంట్లోనే కూర్చున్న మహానుభావుడి సన్నిధిలో ఈ పెద్దరికాలేమిటి? మొక్కు తీరదేమోనని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వాంగ, ఇంగే ఉక్కారుంగ", రండి, ఇక్కడ కూర్చోండి అంటూ ఎవరో నా చెయ్యి పట్టి కిందికి లాగారు. తొమ్మిది గజాల చీర కట్టుకున్న ముసలావిడ. కాళ్ళు ముడుచుకుని తన చాపలో సగం నాకు ఇచ్చారు. మంగళసూత్రానికున్న పిన్నీసు తీసి నా సంచి పట్టీకి పెట్టారు. నా పుస్తకం పోయిందని సైగ చేస్తే, తన నోటుబుక్కు ఇద్దరి మధ్యా పెట్టారు. నేను పాట్టీ అని, అంటే తమిళంలో అమ్మమ్మా అని, పిలవడం మొదలుపెట్టాను.

నోటుబుక్కులో ఉన్నది తమిళ లిపి. వాళ్ళకు క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం కాబట్టి, ఏది ఎలా పలకాలో తెలియడానికి అక్షరాల నెత్తిన 2, 3, 4 అని చిన్న అంకెలు వేసుకున్నారు. మొదటి కృతి నాట రాగం నుంచి చివరి శ్రీరాగం దాకా పేజీలన్నీ చీమలబారుల్లా అంకెలే. తెలుగులో ఒక్క మాట మాట్లాడటం రాని ఆవిడకు అయిదు కృతులూ నోటికి వచ్చు. ఇన్ని తరాలుగా మన పాటను ఇంత శ్రద్ధగా కాపాడుతున్న ఈ నేలకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. గౌళ చరణంలో ఒక అక్షరం మీద వేలు పెట్టి రెండా అని కళ్ళతో అడిగారు. కాదు, మూడని వేళ్ళు చూపించాను. వెంటనే పెన్సిలుతో దిద్దుకున్నారు.

ముందు వేణువులు భైరవి పలికించాయి. తర్వాత నాట ఎత్తుకున్నారు. ఎదురెదురు వరుసల్లో వందల గొంతులు ఒకే తాళంలో కలిశాక తోపులాట కూడా సద్దుమణిగింది. సాహిత్యం తారస్థాయి అందుకునేచోట నా గొంతు ఆగిపోయేది. అక్కడ పాట్టి పాడేవారు, చుట్టూ ఉన్నవారందరూ పాడేవారు. కిందికి దిగేచోట నేను మళ్ళీ కలిసేదాన్ని. ఒక్క చరణం కూడా నన్ను వదిలి వెళ్ళినట్టు అనిపించలేదు.

వరాళిని శిష్యులను ఎదుట కూర్చోబెట్టుకుని నేర్పరాదంటారు. మా పంతులమ్మగారు వంటింట్లో కూర తరుగుతూ తమ కోసమే అన్నట్టు పాడుకునేవారు. నేను వసారాలో కూర్చుని పట్టుకునేదాన్ని. అలా వచ్చిన వరాళి పాడుతుండగా, మా ముందు ఫోన్లతో లేచి ఉన్న చేతులు ఎందుకో ఒక్కసారి దిగాయి. లోపల త్యాగయ్యగారికి అభిషేకం జరుగుతోంది. శిలామూర్తి నుదుటి మీదుగా పాలు జారుతున్నాయి. దీపం వెలుగులో, ఆ పాల ధార వెనుక, ముఖం కనిపించింది. మళ్ళీ చేతులు లేచాయి. నేను చూసింది అంతే. చరణంలో సగం కూడా పట్టలేదు. ఆ తర్వాత శ్రీరాగంలో మహానుభావులందరికీ వందనాలు పాడుతున్నప్పుడు జీర ఉందో లేదో కూడా నాకు పట్టలేదు.

గానం అయ్యాక అందరూ భోజనాలకు పరుగెత్తుతుంటే పాట్టి నన్ను గాయని బెంగళూరు నాగరత్నమ్మగారి విగ్రహం దగ్గరికి తీసుకెళ్ళారు. "ఇవంగ ఇల్లేన్నా నాం ఇంగ ఉక్కార ముడియుమా?" అన్నారు. ఈవిడే లేకపోతే మనం ఇక్కడ కూర్చోగలమా అని. నిజమే. పాడుబడిన చోట నేల కొని, తన నగలూ ఆస్తీ ధారపోసి 1925 నాటికి సమాధికి గుడి నిలబెట్టింది ఆమె. ఆమె కట్టిన గుడి ముందు ఆడవాళ్ళకు పాడే హక్కు లేదంటే, ఆడవాళ్ళను వెంటబెట్టుకొచ్చి వేరుగా ఆరాధన జరిపింది. 1940 ప్రాంతంలో గానీ వేరువేరుగా ఆరాధన జరిపే వర్గాలన్నీ ఒక్కటి కాలేదు. మరాఠా రాజు ప్రతాపసింహుడి కాలపు తంజావూరులో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం కావ్యాన్ని 1910లో అచ్చు వేయించి, నిషేధాన్ని ఎదుర్కొన్నదీ ఈవిడే. తంజావూరు కవయిత్రిని వెలికితీసిన చేతులే తిరువయ్యారులో సద్గురువుకు గుడి కట్టాయి. మొక్కు నేను త్యాగయ్యగారికి మొక్కాను గానీ, తీర్చుకునే చోటు ఇచ్చింది ఆమె. 1952లో కన్నుమూసేదాకా ఆమెకు ఇదే ధ్యాస. ఇప్పటికీ చేతులు జోడించి ఆయనకేసి చూస్తూనే ఉంది. వెళ్ళేవారెవరూ ఆమెకు దండం పెట్టకుండా బస్సెక్కకండి.

సాయంత్రం పంచనదీశ్వరుడినీ ధర్మసంవర్ధని అమ్మవారినీ చూసుకున్నాం. అక్కడ జనం లేరు, అమ్మవారి ఎదుట ఎంతసేపు నిలబడినా జరగమన్నవారు లేరు. పాట్టి మనవడు నా ఫోను నంబరు రాసుకున్నాడు. అప్పటి నుంచి రోజుకొక పేజీ ఫొటో తీసి పంపిస్తున్నాడు. నేను అంకెలు సరిచూసి తిప్పి పంపుతున్నాను. నాట, గౌళ అయ్యాయి, ఇప్పుడు ఆరభిలో ఉన్నాం.