అరకు రైల్లో మా ఇద్దరి కబుర్లు

ఇద్దరం కలిసి ఎక్కడికైనా వెళ్లి రావాలని 1999లో హాస్టల్ గదిలో అనుకున్నాం. వెళ్లింది మొన్న డిసెంబరు మొదటి వారంలో. మధ్యలో పెళ్లిళ్లు, పురుళ్లు, బదిలీలు, పెద్దవాళ్ల ఆపరేషన్లు. ఎప్పుడు అనుకున్నా ఎవరో ఒకరికి కుదిరేది కాదు. ఈసారి తనే ఫోన్ చేసి, "అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలుకి రెండు టికెట్లు తీసేశానే. నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్లిపోతాను" అంది. ఆ గొంతు విన్నాక ఎదురు చెప్పబుద్ధి కాలేదు. ముందు రోజు రాత్రికే రాజమండ్రి నుంచి విశాఖ చేరుకున్నాను.

తన గురించి ఎవరికి చెప్పినా ఇప్పటికీ "మా రూమ్మేటు" అనే అంటాను. ఒకే గదిలో ఉన్నది రెండేళ్లే. అయినా పేరు కంటే అదే ముందు నోటికొస్తుంది.

రైలు ఏడు కాకముందే కదిలింది. అద్దాల బోగీలో టికెట్లు దొరకలేదు. మామూలు బోగీలోనే ఎదురెదురుగా రెండు కిటికీ సీట్లు. నాకు అదే నచ్చింది, గాలి మొహానికి తగులుతూ ఉంటుంది. కొత్తవలస దాటేదాకా పిల్లల చదువులు, ఇంటి లోను, ఎవరికి సంబంధాలు చూస్తున్నారు లాంటివే నడిచాయి. అవి ఫోన్లో ఎలాగూ మాట్లాడుకునేవే. శృంగవరపుకోట వెళ్లిపోయి బొడ్డవర వచ్చేసరికి కొండలు దగ్గరికొచ్చేశాయి. అక్కడి నుంచి ఘాట్.

ఈ లైను 1960లలో వేసింది మనలాంటి వాళ్లు షికారు వెళ్లడానికి కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల్లో తవ్విన ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపాన్‌కి పంపడానికి, జపాన్ సహకారంతోనే వేశారు. ఈ రోజుకీ ఇక్కడ ఖనిజం బండ్లదే ముందు దారి. మన రైలు ఏ చిన్న స్టేషన్లోనో పక్క పట్టాల మీద ఆగి ఉంటుంది. ఎర్ర దుమ్ము పట్టిన వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి దిగిపోతూనే ఉంటాయి. శివలింగపురంలో మేం అలా ఆగిపోయినప్పుడు మా రూమ్మేటు ఆ వ్యాగన్ల వైపు చూస్తూ, "నీకు రోజు మొత్తంలో నీకంటూ ఓ అరగంట మిగులుతుందా?" అని అడిగింది.

"రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్ చూస్తాను. ఒంటిగంట దాకా" అన్నాను. అది నిజమే. ఏం చూశానో పొద్దున్న ఒక్కటీ గుర్తుండదన్నదీ నిజమే.

"నేను నాలుగున్నరకే లేస్తాను" అంది తను.

"అంత పొద్దున్నే ఏం పనే?"

"పనేం లేదు. వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని, లైటు వెయ్యకుండా స్టూలు మీద కూర్చుంటాను. ఏమీ చెయ్యను. దణ్ణం కూడా పెట్టుకోను."

రైలు కదిలింది. రెండు నిమిషాలకే సొరంగం. ఈ లైనులో మొత్తం 58 సొరంగాలు ఉన్నాయంటారు. ప్రతి దాంట్లోనూ బోగీ అంతా ఒక్కటై కేకలు పెడుతుంది. పిల్లలు మొదలుపెడితే పెద్దవాళ్లు అందుకుంటారు. ఆ అరుపుల్లో ఒకరి మాట ఒకరికి వినపడదు. వెలుతురు రాగానే తను ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే అందుకుంది.

"ఐదింటికి మిక్సీ వేస్తాను. రుబ్బడానికేం లేకపోయినా, అందుకోసమే గుప్పెడు పప్పు నానబెట్టి ఉంచుకుంటాను. ఆ చప్పుడు వినపడితే, పాపం తెల్లారకముందు నుంచీ పని చేస్తోంది అనుకుంటారు ఇంట్లో. కూర్చున్నానని తెలిస్తే ఎవరూ ఏమీ అనరు. నాకే అదోలా ఉంటుంది. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు."

మళ్లీ సొరంగం. ఈసారి చాలా పొడుగు. చీకట్లో తన మొహం కనపడలేదు. నాకేమో గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. హాస్టల్లో తను పొద్దున్న ఎనిమిదైనా దుప్పటి తీసేది కాదు. నేను బకెట్ నిండా నీళ్లు పట్టి, లైన్లో తన వంతు కాపాడి మరీ లేపేదాన్ని. ఆ పిల్ల ఇప్పుడు కూర్చోవడం కోసం నిద్ర మానుకుంటోంది. కూర్చున్నానని తెలియకుండా మిక్సీ వేస్తోంది.

వెలుతురొచ్చాక "తప్పంటావా?" అంది. "తప్పు కాదే" అన్నాను. ఇంకా ఏదైనా అనాలనిపించింది గానీ మాట దొరకలేదు. చెయ్యి పట్టుకున్నాను. చిమిడిపల్లి దాకా అలాగే కూర్చున్నాం.

శిమిలిగుడలో ఇద్దరం దిగి బోర్డు దగ్గర నిలబడ్డాం. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలో ఎత్తైనదని దీనికి పేరు. చలి చెవులకి తగులుతోంది. తను చెంగు తలమీదుగా లాక్కుని లోతుగా గాలి పీల్చుకుంది.

అరకులో అందరూ చూసేవే చూశాం. పద్మాపురం తోటలో ఎక్కువసేపు లేం. వలిసె పూల చేలు మాత్రం ఇంకా అక్కడక్కడా పచ్చగా మెరుస్తున్నాయి. రోడ్డు పక్కన ఆటో ఆపించి చూస్తూ ఉండిపోయాం. గిరిజన మ్యూజియంలో ఇళ్లూ వంట సామాన్లూ చూస్తూ తిరుగుతుంటే తను ఒకచోట ఆగిపోయి, "ఎక్కడికెళ్లినా ఆడవాళ్ల చేతిలో ఏదో ఒకటి తిరుగుతూనే ఉంటుంది" అంది. నేను మిక్సీ గురించే ఆలోచిస్తున్నానని తనకి తెలుసు.

మధ్యాహ్నం బొంగు చికెన్ చేసే చోటికి వెళ్లాం. ఉప్పూ కారం పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు దోపి నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క పడదు. ఆకులో వడ్డించి ఇచ్చారు. ఎదురుగా రెండు కుర్చీలున్నాయి. నేను కూర్చుని తింటున్నాను, తను నిలబడే తింటోంది. "కూర్చోవే" అన్నాను. కూర్చుంది. రెండు ముద్దలయ్యేసరికి మళ్లీ లేచి నిలబడి, మంచినీళ్లు ఎక్కడున్నాయా అని వెతుకుతోంది. సీసా నా పక్కనే ఉంది.

"ఇంట్లోనూ ఇంతేనా?"

"అందరికీ పెట్టాక వంటింటి ప్లాట్‌ఫారం దగ్గరే తినేస్తాను. కూర్చుంటే ఎవరో ఒకరు ఏదో అడుగుతారు, మళ్లీ లేవాలి. అందుకని అసలు కూర్చోవడమే మానేశాను."

భుజం పట్టుకుని కూర్చోబెట్టి, తను తినడం అయ్యేదాకా ఎదురుగా నేనే కాపలా ఉన్నాను. ఆకులో మెతుకు మిగల్చకుండా తింది.

రాత్రి గదిలో నా వంతు వచ్చింది. తలనొప్పిగా ఉందని మందు కోసం తను నా బ్యాగు తెరిచింది. చేతికి నా బీపీ మాత్రల స్ట్రిప్ తగిలింది. పది మాత్రల స్ట్రిప్. లైటు కింద పట్టుకుని చూసింది.

"ఇది ఎప్పుడు కొన్నావు?"

"పోయిన నెల ఇరయ్యో తారీఖు ప్రాంతంలో."

తను వేళ్ల మీద లెక్కపెట్టింది. పదిహేను రోజులు. పదిలో ఆరు అలాగే ఉన్నాయి. రేకు ఒక వైపు చిరిగి, రెండో వైపు నున్నగా ఉంది.

అప్పటిదాకా ఇంట్లో అందరికీ "వేసుకుంటున్నాను" అనే చెబుతూ వచ్చాను. మా ఆయనకీ, మా అబ్బాయికీ, మందు రాసిచ్చిన డాక్టరుగారికీ అదే మాట. బీపీ పైకి ఏమీ తెలియనివ్వదు, బాగానే ఉంది కదా అని ఆపెయ్యకూడదు అని ఆయన ప్రతిసారీ చెబుతూనే ఉన్నారు. నాకు తెలియక కాదు. మా అమ్మకి బీపీ ఎక్కువై పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో దాన్ని సర్దుకుంటూ కూర్చునేది. మాత్ర చేతిలోకి తీసుకుంటే నాకు ఆ చెయ్యే కనిపిస్తుంది. వేసుకోకపోతే ఆ రోజుకి ఆ చెయ్యి గుర్తు రాదు. ఇదంతా ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. చెబుతుంటే ఏడుపు ఆగలేదు.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గ్లాసులో నీళ్లు పోసి నా ముందు పెట్టి, రేకు నొక్కి మాత్ర బయటికి తీసి నా అరచేతిలో వేసింది. "అమ్మ చెయ్యి గుర్తొస్తే రానీ. నాకు చెప్పు. మాత్ర మాత్రం వేసుకో" అంది. వేసుకున్నాను. లైటు తీశాక చాలాసేపు అమ్మ గురించే మాట్లాడుకున్నాం. హాస్టల్‌కి అమ్మ పంపిన సున్నుండలు ఎన్ని రోజులు వచ్చేవో తనకి నాకంటే బాగా గుర్తు.

తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే పక్కన తను లేదు. ఫోన్లో టైము 4:40. గుమ్మం తలుపు దగ్గరగా వేసి ఉంది. సందులోంచి చూశాను. వరండాలో కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చుంది. బయట మంచు తప్ప ఏమీ కనపడటం లేదు. పిలవబోయి ఆగిపోయాను. చప్పుడు చెయ్యకుండా వచ్చి పడుకున్నాను. ఐదయింది, ఐదున్నరయింది. ఆరు దాటాక తనే లోపలికొచ్చి, చల్లటి చేతులు నా బుగ్గలకి ఆనించి, "గంటన్నర కూర్చున్నానే" అంది. మంచి నిద్ర పోయి లేచిన మొహంలా ఉంది.

తిరుగు ప్రయాణానికి జీపు మాట్లాడుకున్నాం. అనంతగిరి దగ్గర కాఫీ తోటల్లోకి దిగాం. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉన్నాయి. వాటి నీడన కాఫీ మొక్కలు, కొమ్మల నిండా ఎర్రటి పళ్లు. తర్వాత బొర్రా గుహలు. సున్నపురాతిని నీళ్లు కరిగించి చేసిన గుహలివి. పైనుంచి జారే ప్రతి బొట్టూ రవ్వంత సున్నం వదిలి వెళుతుంది. అలా పేరుకునే పైనుంచి కిందికీ, కింద నుంచి పైకీ రాళ్లు పెరిగాయి. రైలు పట్టాలు సరిగ్గా ఈ గుహల మీదుగానే పోతాయని గైడు చెయ్యెత్తి చూపించాడు. తను పైకి చూసి నా చెవిలో, "అయితే నిన్న మనం మాట్లాడుకున్నవన్నీ ఇది వినే ఉంటుంది" అంది. తడి రాతి మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది.

ఇంటికొచ్చాక ఇప్పుడు రోజూ పొద్దున్న ఏడింటికి స్ట్రిప్‌కి ఫోటో తీసి తనకి పంపుతున్నాను. కొత్తగా చిరిగిన రేకు కనపడాలి, అదే షరతు. మొన్నొకరోజు మర్చిపోతే ఏడుంపావుకల్లా ఫోన్ చేసింది. మాత్ర వేసుకుని, తన సంగతి అడిగాను. "మా ఆయనకి చెప్పేశాను" అంది. విని ఏమీ అనలేదట. మర్నాడు నాలుగున్నరకి తను వంటింట్లోకి వెళ్లేసరికి స్టూలు లేదు. దాని చోటులో హాల్లోంచి తెచ్చిన చేతుల కుర్చీ వేసి ఉందట.