డ్రాక్యులా కోటు వేసుకున్న పంక్

దిగాల్సిన స్టాపు వచ్చేసింది, చెవుల్లో 'కర్టెన్ కాల్' ఇంకా సగంలోనే ఉంది. 17 నిమిషాల పాట మరి!

ఇది ద డ్యామ్‌డ్ అనే పంక్ (పొట్టిగా, దూకుడుగా సాగే రాక్) బ్యాండ్ వాళ్లదంటే నమ్మబుద్ధి కాదు. 1976లో 'న్యూ రోజ్'తో బ్రిటన్‌లో తొలి పంక్ సింగిల్ తెచ్చింది వీళ్లే. అది మూడు నిమిషాలు కూడా ఉండదు. నాలుగేళ్లకే 'ద బ్లాక్ ఆల్బమ్'లో ఈ చీకటి పాట!

అసలు వాళ్ల గాయకుడు డేవ్ వేనియన్ మొదట్నుంచీ అంతే. మొహానికి తెల్ల పౌడరు, ఒంటికి నల్ల కోటు. పైగా ఒకప్పుడు సమాధులు తవ్విన మనిషి. మిగతా పంకులు చిరుగు చొక్కాలకు పిన్నీసులు గుచ్చుకుంటుంటే ఈయనది వేరే లోకం.

గాత్ రాక్ (ఇలాంటి చీకటి రాక్) అనగానే అందరూ బౌహౌస్ బ్యాండ్ పేరెత్తుతారు. కాదనను. కానీ ఆ వేషంలో, ఆ లోతు గొంతులో వేనియన్ వాటా తక్కువేం కాదు.

ద డ్యామ్‌డ్ వాళ్ల 1985 నాటి ఆల్బమ్ 'ఫాంటస్మగోరియా' మాత్రం నాకు మరీ నునుపు. తిట్టేవాళ్లు తిట్టండి.