ఫైలు ఎవరి బల్ల మీద ఉంది?

మా కాలేజీలో బి.ఏ. చదివినవాళ్లకు ఈ ప్రశ్న ఎవరిదో చెప్పక్కర్లేదు. విదేశాంగ విధానం పాఠం ఏ దేశంతో మొదలైనా పొలిటికల్ సైన్స్ మాస్టారు ముందు అడిగేది ఇదే. ప్రకటన ఎవరు చదివారు, ఫొటోలో ఎవరున్నారు అన్నవి తర్వాత. ఆయన ఎక్కువగా ఎంచుకునే ఉదాహరణ సిలోన్, అంటే ఇప్పటి శ్రీలంక. మాస్టారి జ్ఞాపకార్థం సంచికకు ఏదైనా రాయమంటే, ఆ పాఠమే రాయాలనిపించింది.

1959 సెప్టెంబరు 25 ఉదయం. కొలంబో రోజ్‌మీడ్ ప్లేస్‌లోని సొంతింట్లో ప్రధాని ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే జనాన్ని కలుస్తున్నారు. వచ్చినవాళ్లలో తల్దువే సోమరామ అనే బౌద్ధ భిక్షువు ఉన్నాడు, ఆయుర్వేద కంటి వైద్యుడు. కాషాయం కట్టినవాణ్ని సోదా చేయాలని అక్కడ ఎవరికీ తోచదు. ప్రధాని వంగి నమస్కరించారు, భిక్షువు రివాల్వరు తీశాడు. మర్నాడు ప్రధాని ప్రాణం పోయింది. కుట్రలో పెద్ద తలకాయ కెలనియ విహారాధిపతి బుద్ధరక్ఖిత. 1956 ఎన్నికల్లో ఇదే ప్రధానిని గెలిపించడానికి భిక్షువులను కూడగట్టినవాడు. కోరుకున్న కాంట్రాక్టులు దక్కలేదన్న కక్ష విచారణలో బయటపడింది.

ఇక్కడ మాస్టారు చట్టం ముసాయిదా దగ్గర ఆగేవారు. 1958లో ఉరిశిక్షను నిలిపేసింది బండారనాయకే ప్రభుత్వమే. హత్య తర్వాత వచ్చిన ప్రభుత్వం దాన్ని హడావిడిగా మళ్లీ తెచ్చింది. పాత తేదీ నుంచి వర్తించే ఆ చట్టం మాటల్లో హత్య ఇమిడింది గానీ హత్యకు కుట్ర సరిగ్గా ఇమడలేదు. అందుకే అప్పీలులో బుద్ధరక్ఖితకూ మరో కుట్రదారుడికీ ఉరి యావజ్జీవంగా మారింది. 1962 జులై 6న ఉరికంబం ఎక్కింది సోమరామ ఒక్కడే. ఈ కేసులో అనుమానితురాలిగా అరెస్టయి, తర్వాత బయటపడిన విమలా విజేవర్ధనే ఆ దేశపు తొలి మహిళా మంత్రి. ఆ సంగతి చాలామందికి గుర్తు కూడా లేదు.

1960 జులై ఎన్నికల్లో బండారనాయకే భార్య సిరిమావో భర్త పార్టీకి నాయకత్వం వహించారు. 75 సీట్లు వచ్చాయి. ఆమె పోటీ చేయలేదు, జులై 21న ప్రపంచంలోనే తొలి మహిళా ప్రధాని అయ్యి, ఆ తర్వాత ఆగస్టులో సెనేటర్ అయ్యారు. ప్రత్యర్థులు "ఏడ్చే విధవ" అన్నారు. ఆ మాటకు జవాబు రాజ్యాంగంలోనే ఉంది. సిలోన్ రాజ్యాంగం సెక్షన్ 46(4) ప్రకారం రక్షణ, విదేశాంగ శాఖ ప్రధాని చేతిలోనే ఉండాలి, ఇంకెవరికీ ఇవ్వడానికి వీల్లేదు. అంటే సానుభూతి ఓటు తెచ్చిన కుర్చీతోపాటు విదేశాంగ ఫైళ్లన్నీ ఆమె బల్ల మీదికే వచ్చాయి.

మొదటి పెద్ద ఫైలు మనదే. భారత్-చైనా యుద్ధం ఆగిన కొద్ది రోజులకే, 1962 డిసెంబరు 10 నుంచి 12 వరకు, బర్మా, కంబోడియా, ఇండోనేషియా, ఘనా, యునైటెడ్ అరబ్ రిపబ్లిక్ (అప్పటి ఈజిప్టు)లను ఆమె కొలంబోకు పిలిచారు. లడఖ్ వైపు చైనా సైన్యం 20 కిలోమీటర్లు వెనక్కి వెళ్లాలి, భారత సైన్యం ఉన్నచోటే ఉండాలి, ఖాళీ అయిన మేరలో ఇరుపక్షాల పౌర పోస్టులు ఉండాలి, సైన్యం ఉండకూడదు. ఇవీ ప్రతిపాదనలు. 1963 జనవరిలో ఆమె స్వయంగా పెకింగ్ (ఇప్పటి బీజింగ్), ఢిల్లీ తిరిగారు. వివరణలు తీసుకుని భారత్ మొత్తంగా ఒప్పుకుంది. చైనా "సూత్రప్రాయంగా" అంది. ఆ ఖాళీ మేరలో భారత పౌర పోస్టులు వద్దంది. ఆ ఒక్క మెలికతో అంతా ఆగింది. ప్రతిపాదన చేసిన ఆరు దేశాలకు దాన్ని అమలు చేయించే బలం లేదు. ఆమె తప్పు ఇందులో నాకైతే కనిపించదు.

చమురు ఫైలులో మాత్రం తొందరపాటుంది. ఎస్సో, కాల్టెక్స్, షెల్ అనే విదేశీ చమురు కంపెనీల ఆస్తులు స్వాధీనం చేసుకుని పరిహారం తేల్చలేదు. 1963 ఫిబ్రవరిలో అమెరికా సాయం ఆపేసింది. విదేశీ ఆస్తులకు పరిహారం ఇవ్వని దేశాలకు సాయం నిలిపే అమెరికా చట్టంలోని హికెన్‌లూపర్ సవరణ మొట్టమొదట తగిలింది సిలోన్‌కే.

ఎక్కువసేపు ఆగాల్సింది భారత్‌తో కుదిరిన 1964 అక్టోబరు 30 ఒప్పందం దగ్గర. తేయాకు తోటల్లో తరాలుగా పనిచేస్తున్న భారత సంతతి కూలీలు 1948 పౌరసత్వ చట్టంతో ఏ దేశానికీ కాకుండా పోయారు. అప్పుడు కొలంబోలో భారత హైకమిషనర్ మన వి.వి. గిరి. ఇష్టం లేనివాళ్లను బలవంతంగా తీసుకోలేమన్నది నెహ్రూ పట్టు. నెహ్రూ పోయాక, శాస్త్రితో సిరిమావో అంకెలకు దిగారు. లెక్క 9,75,000 మంది. 5,25,000 మంది భారత్‌కు, 3,00,000 మంది సిలోన్‌కు, మిగిలిన 1,50,000 సంగతి తర్వాత. గడువు 15 ఏళ్లు. అక్కడ పౌరసత్వం ఇవ్వడం, ఇక్కడికి పంపడం 4:7 చొప్పున జతగా నడవాలి. వెళ్లే కుటుంబం వెంట తీసుకెళ్లగల ఆస్తి పరిమితిని రూ. 4,000 కంటే తగ్గించకూడదు.

మాస్టారు ఈ అంకెలు బోర్డు మీద వేసి, కింద గీత గీసి, "వీళ్లని ఎవరైనా అడిగారా?" అనేవారు. అడగలేదు. తోట కార్మికుల సంఘాన్ని సంప్రదించనే లేదు. అందుకే దరఖాస్తులు తెరిచాక లెక్క తిరగబడింది. భారత్ కోరినవాళ్లు కోటాకు బాగా తక్కువ, సిలోన్ కోరినవాళ్లు కోటాకు రెట్టింపు పైమాటే. ఒప్పందం దేశాల మధ్య గొప్ప బేరమే, భర్త చేయలేకపోయింది ఆమె చేశారు. కానీ మనుషుల్ని బస్తాల్లా పంచుకోవడాన్ని నేను ఒప్పుకోలేను, మాస్టారూ ఒప్పుకోలేదు.

సంతకం ఆరిందో లేదో, 1964 డిసెంబరు 3న పత్రికలను ప్రభుత్వ అదుపులోకి తెచ్చే బిల్లు గొడవలో సొంత పార్టీవాళ్లు గోడ దూకితే, ప్రభుత్వం ఒక్క ఓటుతో ఓడింది. ఫైలు ఇంకొకరి బల్ల మీదికి పోయింది. 1970లో ఆమె మళ్లీ వచ్చారు. 1974లో మిగిలిన 1,50,000 మందిని ఇందిరా గాంధీతో చెరి 75,000గా పంచుకున్నారు. ఈసారి బల్లకు రెండువైపులా ఆడవాళ్లే, పద్ధతి మాత్రం పాతదే. 1984లో అక్కడి అంతర్యుద్ధం వల్ల భారత్‌కు వచ్చే తలైమన్నార్ ఓడ ఆగేసరికి, వెళ్లాల్సినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్లకు పౌరసత్వం ఇస్తూ కొలంబో పార్లమెంటు చట్టం చేసింది 2003లో. సిరిమావో చనిపోయి అప్పటికి మూడేళ్లు.