ఆల్‌బకరా తొక్క

బెంగళూరు మల్లేశ్వరం ఎనిమిదో క్రాసులో తోపుడు బండి మీద ఆల్‌బకరా పండ్లు కనబడితే నా కాళ్లు ముందుకు సాగవు. మొన్న అరకిలో తెచ్చాను. తెనాలి నుంచి వచ్చి ఉన్న మా అమ్మ వాటిని కడిగి, చాకుతో తొక్క తీసేసి, ముక్కలు నా ముందు పెట్టింది.

"తొక్క వగరే, నోరు పట్టేస్తుంది."

ఆ వగరు కోసమే కొన్నానని ఏం చెప్పను? నేను పదకొండేళ్లుగా ఆహార పదార్థాలు పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నాను. మొక్కల్లో ఉండి యాంటీఆక్సిడెంట్లుగా పనిచేసే పాలీఫినాల్స్ అనే పదార్థాల్లో టానిన్లనే రకం లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుంటుంది. దాంతో నోట్లో జిగురు పోయి నాలుక గరుకుగా తోస్తుంది. అదే వగరు.

ఒకసారి పని తక్కువగా ఉన్న మధ్యాహ్నం గుజ్జునూ తొక్కనూ విడివిడిగా మిథనాల్‌లో నానబెట్టి, వడకట్టి, డీపీపీహెచ్ ద్రావణంలో కలిపాను. ముదురు వంకాయ రంగులో ఉండే ఆ ద్రావణం యాంటీఆక్సిడెంట్ తగిలితే లేత పసుపుకు దిగుతుంది. ఎంత దిగిందో, 517 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న కాంతిని ద్రావణం ఎంత పీలుస్తుందో చూసి యంత్రంతో కొలుస్తాం. గుజ్జు కలిపిన గొట్టం తీరిగ్గా వెలిసింది. తొక్కది కళ్లముందే వెలిసిపోయింది. అయినా యంత్రం మాత్రం తొక్కకు తక్కువ మార్కులు వేసింది! తప్పు నాదే. తొక్కకు ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు కూడా ఇంచుమించు అక్కడే కాంతిని పీలుస్తాయి. ఆ రంగును విడిగా కొలిచి లెక్కలోంచి తీసేయాలి. మరిచిపోయాను. సరిచేశాక తొక్కే గెలిచింది.

గుజ్జు మరీ తీసిపోయిందని కాదు. ఆల్‌బకరాలో ప్రధానంగా ఉండే నియోక్లోరోజెనిక్ ఆమ్లం అనే పాలీఫినాల్ అందులోనూ ఉంటుంది.

అయితే ఈ అంకెలు చూపించి పండ్లరసం అమ్మేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆహారాల యాంటీఆక్సిడెంట్ శక్తిని వరసబెట్టిన ఓఆర్‌ఏసీ పట్టికను అమెరికా వ్యవసాయ శాఖే 2012లో తన వెబ్‌సైటు నుంచి తీసేసింది. గాజుగొట్టంలో వచ్చిన అంకెను బట్టి ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పలేమంది, వాటిని ప్రకటనలకు వాడుకుంటున్నారనీ అంది. పైగా రసం వడకట్టి తొక్కను చెత్తబుట్టలో వేసేది వాళ్లే.

ఇదంతా అమ్మకు చెబుదామని వంటింట్లోకి వెళ్లాను. బీరకాయ తొక్కనే పారేయని మనిషి ఇది పారేస్తుందని ఎలా అనుకున్నానో! తొక్కలు పచ్చిమిరపకాయలతో మూకుడులో మగ్గుతున్నాయి.

"వగరన్నావుగా?"

"అందుకే కాస్త బెల్లం వేస్తున్నాను. నువ్వు వెళ్లి ఇడ్లీపిండి కలుపు."