సీలేరు నీళ్ళు, అల్లూరి జిల్లా, మధ్యలో మనం

సంక్రాంతి వెళ్ళి నెల తిరిగిందంటే కోనసీమలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఒకటే మాటండి, సీలేరు నుంచి ఎంత వదిలారంట అని. దాళ్వాకి, అంటే రబీ వరికి, గోదారిలో దానంతటదే వచ్చే నీరు సరిపోదు, ధవళేశ్వరంలో ఇన్‌ఫ్లో పడిపోతుంటే వంతులవారీ మొదలెడతారు, శివారు చేలోడు ఇంజను పెట్టుకుని మురుగు కాలవ మీద పడతాడు, అప్పుడు ఆదుకునేది సీలేరు పవర్ హౌసుల్లో కరెంటు తీశాక కిందకి వదిలే నీళ్ళే. పేపర్లో రోజూ ఇన్ని క్యూసెక్కులు అని వేస్తారు, మనోళ్ళు చదివి తిట్టుకుంటారో సంతోషిస్తారో ఏదో ఒకటి చేస్తారు. ఇంతకీ ఆ సీలేరు ఎక్కడండి అని అడిగితే మాత్రం సగం మంది "అదేదో ఏజెన్సీలో" అని చెయ్యి ఉత్తరం వైపు ఊపి ఊరుకుంటారు.

నాకు మ్యాపులు పెట్టుకుని కూర్చునే పిచ్చి ఉంది కాబట్టి ఈ నీటి దారి మొత్తం వేలితో పట్టుకుని చూశాను. మాడుగుల కొండల్లో మాచ్‌ఖండ్ పేరుతో బయల్దేరి, ఒడిశా సరిహద్దు పట్టుకుని పోయి, బలిమెల రిజర్వాయర్లో చేరి (ఆ నీళ్ళు ఒడిశాకి సగం మనకి సగం), అక్కడి నుంచి సీలేరు అయ్యి గుంటవాడ, డొంకరాయి, పొల్లూరు దాటుకుని మోటు దగ్గర శబరిలో పడుద్ది, శబరి కూనవరం దగ్గర గోదారిలో పడుద్ది, ఇక పాపికొండల సందులోంచి పోలవరం, ధవళేశ్వరం, తర్వాత మన లాకులు, మన కాలవ, మన బోదె. ఇందులో పైభాగం దాదాపు అంతా 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు చేసినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా అని పేరు పెట్టిన ప్రాంతంలోనో దాని గట్టు మీదో ఉంది. అందుకే ఈ పోస్టు. మారేడుమిల్లి వెళ్ళి బొంగులో చికెన్ తిని జలపాతం దగ్గర రీల్ తీసుకుని వచ్చేస్తే ఆ జిల్లా చూసినట్టు కాదని నా గొడవ.

ముందు సైజు చూడండి. మన కోనసీమ జిల్లా సుమారు రెండు వేల చదరపు కిలోమీటర్లు, జనం 2011 లెక్కల ప్రకారం పదిహేడు లక్షలు. అల్లూరి జిల్లా ఏర్పడినప్పుడు పన్నెండు వేల చదరపు కిలోమీటర్ల పైన, జనం మాత్రం తొమ్మిదిన్నర లక్షలే, వాళ్ళలో నూటికి ఎనభై మంది పైగా గిరిజనులు. మనకి ఒక ఊరు అయిపోయిందో లేదో తెలీకుండానే ఇంకో ఊరు వచ్చేస్తది, అక్కడ ఒక పంచాయతీ అంటే కొండకొకటి చొప్పున విసిరేసినట్టు ఉండే పది పదిహేను గూడేలు. ఇది తెలీకుండా "ఇంకా రోడ్లెందుకు వెయ్యరండి వీళ్ళకి" అనడం తేలిక. ఇరవై ఇళ్ళ కోసం కొండ తొలిచి రోడ్డు వెయ్యాలి, మధ్యలో రిజర్వ్ ఫారెస్టు వస్తే ఆ డిపార్ట్‌మెంట్ పర్మిషన్, వేశాక రెండు వానాకాలాలకి సగం కొట్టుకుపోద్ది. అలాగని డోలీలో గర్భిణిని మోసుకొచ్చే వార్త ఏటా చదవాల్సి రావడం సరైన సంగతని నేను అనట్లేదు. సీలేరు మీద పవర్ హౌసులు కట్టడానికి పనికొచ్చిన ఇంజినీరింగు పక్క గూడేనికి కల్వర్టు కట్టడానికి ఎందుకు పనికిరాలేదో ఎవరైనా చెప్పాలి.

ఇంకోటి, మనం ఏజెన్సీ ఏజెన్సీ అని ఒకే ముద్ద చేసేస్తాం గానీ 2022లో ఆ జిల్లాలో రెండు వేరు వేరు ప్రపంచాల్ని కలిపి కుట్టారు. పాత విశాఖ నుంచి వచ్చిన పదకొండు మండలాలు, పాత తూర్పు గోదావరి నుంచి వచ్చిన పదకొండు. పాడేరు, అరకు, చింతపల్లి వైపు ఎత్తు ప్రదేశం, చలి, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, దాన్ని పట్టుకుని మిరియాల తీగలు, పసుపు, రాజ్‌మా, సీజన్లో పసుప్పచ్చగా వలిసె పూలు. జనం భగతలు, కొండదొరలు, కోదులు, పోర్జలు, గదబలు, వాల్మీకులు, కోటియాలు, ఒక్కో సంతలో నాలుగు భాషలు వినపడతాయి. రంపచోడవరం వైపు వచ్చేసరికి అంత ఎత్తుండదు, జీడిమామిడి, వెదురు, జీలుగు కల్లు, కొండరెడ్లు, కోయలు. కొండరెడ్లు మాట్లాడేది తెలుగే, మనకంటే పాత తెలుగు మాటలు వినపడతాయి అప్పుడప్పుడూ. చింతూరు దిగితే ఇక పూర్తిగా కోయల దేశం, ఎండలు భద్రాచలం ఎండలే. ఒకే జిల్లాలో ఒక చివర 1,600 మీటర్లు దాటిన కొండలు, ఇంకో చివర పోలవరం ప్రాజెక్టులో 45.72 మీటర్ల దాకా నీరు నిలబెడితే మునిగిపోయే కూనవరం. ఇలాంటి దానికి పాడేరులో కలెక్టరేట్ పెట్టారు. చింతూరు నుంచి పాడేరు రెండొందల కిలోమీటర్ల పైమాట, అదీ ఘాట్ రోడ్లు. అరకు పార్లమెంటు సీటు కింద ఉన్నాయి కాబట్టి కలిపాం అన్నారు, లెక్కకి కరెక్టే, బస్సెక్కేవాడికి మాత్రం కాదు.

అసలు ఆ చింతూరు వైపు గీతలు ఎన్నిసార్లు మార్చారో చూస్తే నవ్వొస్తాది. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు బ్రిటిష్ వాళ్ళ టైంలో మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేవి, 1874లో గోదావరి జిల్లాలో కలిపారు. 1959లో భద్రాచలం ప్రాంతాన్ని ఖమ్మానికి ఇచ్చారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు అని చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, భద్రాచలం టౌన్ వదిలేసి మిగతా భద్రాచలం మండలం మళ్ళీ తూర్పు గోదావరికి. 2022లో అల్లూరి జిల్లాకి. ఇన్ని మార్పుల్లోనూ అక్కడ గూడెంలో ఉన్నాయన ఇల్లు కదల్లేదు పాపం, సర్టిఫికెట్ మీద జిల్లా పేరే మారింది, ఆధార్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, కులం సర్టిఫికెట్‌లో ఇంకోటి.

పాలన సంగతికొస్తే మనకి ఎమ్మార్వో, ఆర్డీవో అంటే తెలుసు, అక్కడ జనం నోట్లో నలిగే మాట పీవో. ఐటీడీఏ, అంటే గిరిజనాభివృద్ధి సంస్థ, దాని ప్రాజెక్ట్ ఆఫీసర్ అన్నమాట. ఐటీడీఏలు పాడేరుకొకటి, రంపచోడవరానికొకటి, చింతూరుకొకటి ఉన్నాయి. ఆశ్రమ పాఠశాలలో అన్నం బాలేకపోయినా, కాఫీ మొక్కలు కావాలన్నా, ఊట నీళ్ళకి పైపు కావాలన్నా పీవో దగ్గరికే. మంచి పీవో వస్తే రెండేళ్ళు పని జరుగుద్ది, బదిలీ అయితే ఫైలు అక్కడే. చింతపండు, కొండ చీపుర్లు, అడ్డాకులు, కరక్కాయలు కొనేది జీసీసీ, అంటే గిరిజన సహకార సంస్థ, 1956 నుంచి ఉంది, సంతలో దళారీ కాటా కంటే నయం అని పెట్టారు. మా ఇంట్లో చింతపండు ఎప్పుడూ ఏజెన్సీదే, గింజ తీసిందైతే ఇంకా మంచిది, ఇది మాత్రం ఎవరితోనైనా వాదిస్తాను.

మనోళ్ళకి అన్నిటికంటే తెలియాల్సింది, తెలిసినా తెలీనట్టు ఉండేది భూమి చట్టం. మొన్నామధ్య మాకు బాబాయి వరసయ్యే ఒకాయన ఫోన్ చేసి, "అబ్బాయ్, అడ్డతీగల వైపు జీడిమామిడి తోట చవగ్గా వస్తుందంట, నువ్వు ఇవన్నీ చదువుతుంటావు కదా, తీసుకోమంటావా" అన్నారు. బాబాయ్ అది ఏజెన్సీ, అక్కడ 1/70 ఉంది, మనం కొనకూడదు అన్నాను. "మనం గిరిజనుల దగ్గర కొనట్లేదురా, అమ్మేవాడు మనలాంటోడే, ఎప్పట్నుంచో అక్కడ ఉంటున్నాడు" అన్నారు. అక్కడే ఉంది అసలు విషయం. 1917లోనే మద్రాసు వాళ్ళు ఏజెన్సీ భూములు చేతులు మారకుండా చట్టం చేశారు, 1959లో రెగ్యులేషన్ వచ్చింది, అది కూడా చాల్లేదని 1970లో సవరించారు, అదే మనం 1/70 అనేది. దాని ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు, అమ్మాలంటే గిరిజనుడికో గిరిజన సొసైటీకో అమ్ముకోవాలి. పైగా గిరిజనేతరుడి చేతిలో భూమి ఉందంటే అది గిరిజనుడి దగ్గర నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటాది, కాదని నిరూపించుకోవాల్సింది వాడే. ఇదంతా చెప్తే బాబాయి ఒక నిమిషం ఆగి, "అయితే మన తోటలో పనిచేసే ఆయన పేరున రాయిస్తే" అన్నారు! అదండి సంగతి. ఆ చట్టం ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. బాబాయి చెడ్డ మనిషి కాదు, అలా అనుకోవడం మన డెల్టాలో చాలా మామూలు, అంతే.

ఈ జాగ్రత్త గాల్లోంచి రాలేదు కూడా. 1839 నుంచే కొండ ప్రాంతాలకి మామూలు కోర్టులు, మామూలు చట్టాలు వర్తించకుండా కలెక్టర్నే ఏజెంటుగా పెట్టడం మొదలైంది, ఏజెన్సీ అన్న పేరు అలా వచ్చిందే. 1879లో రంప తిరుగుబాటు వచ్చింది, ఇంట్లో తాగడానికి చెట్టు గీసుకున్నా పన్నంటే ఎవరు ఊరుకుంటారు, దానికి తోడు కింద నుంచి వెళ్ళిన వడ్డీ వ్యాపారులు, కోర్టు కాగితాలు, పోలీసులు. తర్వాత 1922 ఆగస్టులో అల్లూరి దళం వరసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడింది, రోడ్డు పనిలో వెట్టి చేయించిన కోపం, పోడు (అడవి కొట్టి కాల్చి చేసే కొండ సాగు) కొట్టుకోనివ్వని కోపం రెండూ ఉన్నాయి అందులో. మనం విగ్రహాలు పెట్టుకునే ఆ రాజుగారు మోగల్లు కుటుంబం, అంటే మైదానం మనిషే, కానీ ఆయనతో నడిచిన గాం గంటందొర, మల్లుదొరల విగ్రహాలు మన సెంటర్లలో నేనైతే చూడలేదు.

వరద గురించి కూడా చెప్పాలి. జూలై ఆగస్టుల్లో మన లంకల వాళ్ళంతా భద్రాచలం మట్టం చూస్తూ కూర్చుంటారు, 43, 48, 53 అడుగులు ఒకటో రెండో మూడో ప్రమాద హెచ్చరికలని చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. భద్రాచలం దాటిన నీరు మన దగ్గరికి వచ్చేలోపు ఏం చేస్తుందో మాత్రం పట్టించుకోం. గోదారి నిండుగా ఉంటే శబరి అందులో కలవలేక వెనక్కి ఎగదన్నుద్ది, కూనవరం, వీఆర్ పురం (వరరామచంద్రపురం) మునిగి, చింతూరు దగ్గర రోడ్డు మీదకి నీళ్ళొచ్చి రోజుల తరబడి రాకపోకలు బంద్. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు అక్కడ ఇళ్ళ పైకప్పులే కనపడ్డాయి. మన లంకలో నీరు వారానికి తీస్తాది, బురద కడుక్కుని మళ్ళీ ఉంటాం. దేవీపట్నం వైపు మాత్రం పోలవరం ప్రాజెక్టు కోసం నదికి అడ్డంగా కట్టిన కాఫర్ డ్యామ్ వచ్చాక వరద తీరే మారిపోయింది, ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేసి కాలనీలకి వెళ్ళారు. గోదారి ఒడ్డున చేపలు పట్టుకుని కొండ మీద పోడు చేసుకున్న కొండరెడ్డికి వరసగా కట్టిన కాంక్రీటు ఇంట్లో ఏం పనుంటాదండి. ఆ ప్రాజెక్టు నీళ్ళు ఎవరికంటే, మన డెల్టాకి స్థిరంగా, కుడి ఎడమ కాలవల వాళ్ళకి కొత్తగా. ప్రాజెక్టు వద్దని అనేంత ధైర్యం నాకు లేదు, దాళ్వా అన్నం తినేవాణ్ణే నేను కూడా, కానీ పునరావాసం డబ్బులు ఇంకా పడలేదని వాళ్ళు ధర్నా చేస్తే "ఎన్నిసార్లు ఇస్తారు వీళ్ళకి" అనే మాట మనూళ్ళో విన్నప్పుడు ఒళ్ళు మండుద్ది.

ఇక 2025 నవంబర్లో రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా అని ప్రభుత్వం ప్రకటించింది. పోలవరం ఊరేమో ఏలూరు జిల్లాలో ఉంది, మునిగేది వీళ్ళు, జిల్లాకి పేరు ముంచే ప్రాజెక్టుది. పేరు ఎవరు సూచించారో గానీ రంప అని పెట్టుంటే ఎంత బావుండేది. అయినా చింతూరు మనిషి కాగితం పని మీద పొద్దున్నే బస్సెక్కి మారేడుమిల్లి ఘాట్ దాటి రంపచోడవరం వెళ్తే, ఆఫీసర్ సీట్లో ఉంటే, సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. పాడేరు వెళ్ళొస్తే అది కుదిరే పని కాదు.