పురుగుల చదువు

అందరూ పడుకున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర బావగారు అన్న మాట ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంది.

సిరిమాను చూడ్డానికి వచ్చిన చుట్టాలతో ఇల్లు కిటకిటలాడుతోంది. చిన్నదానికి కీటకశాస్త్రంలో పీహెచ్‌డీ సీటు వచ్చిందని మావారు చెప్పగానే అందరూ సంతోషించారు, మిఠాయిలు పంచాం. బావగారు మాత్రం పెరుగన్నం కలుపుకుంటూ, "పురుగుల చదువేటమ్మా? జీవితమంతా దోమల్ని లెక్కపెట్టి రిటైరైపోతే ఎవరికేటి ఒరుగుద్ది? ఆ అగ్రికల్చర్ ఎమ్మెస్సీతో బ్యాంకు పరీక్షలు రాసుకోవచ్చు కదా" అన్నారు. చిన్నది తల దించుకుని తినేసి లేచిపోయింది. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని దానికి నేర్పింది నేనే. ఇవాళ ఆ నేర్పినందుకే నాకు ముద్ద దిగలేదు.

వరి పండించే మనిషి అనాల్సిన మాటేనా అది? మా నాన్న ఉంటే ఊరుకునేవారు కాదు.

నేను హైస్కూల్లో ఉండగా, ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో నాన్న ఫల్గుణ అనే వరి వేశారు. ఉల్లికోడు అంటే దోమంత ఈగ, దాని పురుగు వరి పిలకలోకి దూరి దాన్ని గొట్టంలా మార్చేస్తుంది. దాన్ని తట్టుకునే వంగడమని చాలామంది అదే వేసేవారు. ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. దుబ్బు కట్టే వేళకి మడి నిండా ఉల్లికాడల్లా వెండి రంగు గొట్టాలు. గొట్టం వచ్చిన పిలక ఇక కంకి వెయ్యదు. గుళికలు చల్లినా లాభం లేకపోయింది. అప్పుడే శాస్త్రవేత్త ఒకాయన ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని బురదలోకి దిగారు. ఒక గొట్టం పీకి బ్లేడుతో నిలువునా చీల్చి నాకు చూపించారు. లోపల ప్యూపా, అంటే పురుగు ఈగగా మారే ముందు దశ. ఒంటి మీది ముళ్లతో అది పైకి పాకి, గొట్టం కొసన కన్నం చేస్తుందట. రాత్రిపూట ఈగ ఎగిరిపోయాక ఖాళీ తొడుగు ఆ కన్నంలోనే సగం బయటికి పొడుచుకుని ఉండిపోతుంది. ఇంకో గొట్టంలో పురుగు చచ్చిపోయి ఉంది. దాని చర్మం కింద గింజలు గింజలుగా ఏవో. "ఇవి మనవే పాపా. కోడుని తినే బుల్లి కందిరీగలు. ఒక్క గుడ్డే చీలి ఇన్ని అవుతాయి" అన్నారు. అవన్నీ సీసాల్లో వేసుకుని, ఊరి పేరు నోట్‌బుక్కులో రాసుకుని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

పోయినేడు చిన్నది ఏదో పరిశోధన వ్యాసం చదువుతూ "అమ్మా, మన జిల్లా పేరుందే!" అని అరిచింది. 1980ల్లో మన శ్రీకాకుళం వైపు ఫల్గుణని లొంగదీసుకున్న కోడుకి శాస్త్రవేత్తలు బయోటైప్ 4 అని పేరు పెట్టారట. బయోటైప్ అంటే చూడ్డానికి ఒకేలా ఉన్నా, ఏ వంగడాన్ని లొంగదీసుకోగలదో అందులో తేడా ఉన్న రకం. ఒక వంగడం కోడుని తట్టుకుంటుందంటే, ఏ బయోటైప్‌ని అని ఇప్పటికీ అడగాల్సిందే.

దానికి మణిగారంటే ప్రాణం. కీటక శాస్త్రవేత్త ఎం.ఎస్. మణి, 1908లో పుట్టి 2003 దాకా బతికిన మనిషి. ఆగ్రాలో సెయింట్ జాన్స్ కాలేజీలో కీటకశాస్త్ర విభాగం స్థాపించి, 1950ల్లో శిష్యుల్ని వెంటేసుకుని హిమాలయాలెక్కారు. మంచు అంచున, రాళ్ల కింద బతికే పురుగులు ఎందుకు నల్లబడతాయో, ఎందుకు రెక్కలు పోగొట్టుకుంటాయో 1962లో పుస్తకం రాశారు. 1964లో మొక్కల మీద వచ్చే బుడిపెల గురించి ఇంకొకటి. కోడు గొట్టం కూడా ఆ జాతిదే. ఆ ఈగ శాస్త్రీయ నామం పక్కన, మొదట వర్ణించిన వుడ్-మేసన్ పేరు వెనకాల మణిగారి పేరు కూడా చాలా వ్యాసాల్లో కనిపిస్తుంది. ఒక మనిషి చదువు ఇంతకాలం నిలవడం తక్కువ సంగతా?

ఇదంతా రేపు బావగారికి చెప్పేద్దామనుకున్నాను. రాస్తూ ఉంటే ఆ కోపం ఆయన మీద నిలవడం లేదు. ఆయన పొలంలోకి ఏ శాస్త్రవేత్త దిగాడు? పురుగు పడితే ఆకు పట్టుకెళ్లి మందుల కొట్టు కుర్రాడికి చూపిస్తారు, వాడిచ్చిన డబ్బా కొట్టుకుంటారు. ఆ మందు దెబ్బకి ఆ బుల్లి కందిరీగలు కూడా పోతాయని ఆయనకి ఎవరు చెప్పారు? మా మడిలోని పురుగు సంగతి ఎక్కడెక్కడి పరిశోధకులకో తెలిసింది. మా నాన్నకి తెలియలేదు. తన సాగులో లోపమేదో ఉందనే పోయేదాకా అనుకున్నారు. అది కొత్త రకం కోడు, వంగడమే దానికి లొంగిపోయిందని ఒక కార్డు ముక్క రాసి ఉంటే ఆయన ఎంత తేలికపడేవారో. నా బాధంతా అక్కడుంది.

చిన్నది సైటేషన్లు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అని, పరిశోధన వ్యాసాల్ని ఎంతమంది ఉదహరించారో లెక్కలు చెబుతుంటే నాకు ఇప్పటిదాకా గర్వంగానే ఉండేది. అవి ఉండాలి, కాదనను. కానీ అది ఏ రైతు మడిలో గొట్టం పీకినా, ఏం తేలిందో వెనక్కెళ్లి ఆ రైతుకి చెప్పి రావాలి. పొద్దున్నే కాఫీ దగ్గరే దానికి ఈ మాట చెప్తాను. బావగారు పదకొండు గంటల బస్సుకి వెళ్తారు. ఆ లోపే దాన్ని ఆయన పక్కన కూర్చోబెట్టి, ఆయన మడుల్లో ఈ ఏడు కోడు ఎంత పడిందో అడిగించాలి.